మిణుగురు ఆరిన ఆట

లోకంలో గాల్లో ఎగిరే వీరులందరి చెడ్డీలూ ఇన్నాళ్లూ జారిపోకుండా కాపాడింది మా అమ్మమ్మే. ఈ మాట ఎక్కడైనా, ఎవరి ముందైనా అంటాను. కొండను పిడికిలితో పిండి చేసేవాడైనా సరే, నడుం దగ్గర ఎలాస్టిక్ వదులైతే ఒక చేత్తో దాన్ని పట్టుకుని నిలబడాల్సిందే. మిగిలిన ఒక్క చేత్తో లోకాన్ని ఎంతని కాపాడతాడు? కాబట్టి లెక్క ప్రకారం లోకాన్ని కాపాడింది మెట్ల కింద మిషను పెట్టుకుని కూర్చునే మా అమ్మమ్మ. నాకు లెక్కలు రావని బడిలో రెండుసార్లు తేల్చారు గానీ, ఈ లెక్క మాత్రం తప్పు కాదు.

వీధిలో ఆవిణ్ణి అందరూ మెట్ల కింద టైలరమ్మ అంటారు. పాత భవనంలో మెట్లు మలుపు తిరిగే చోట మూడు మూలలుగా మిగిలిపోయిన జాగా ఆవిడ దుకాణం. లోపలికి వెళ్లాలంటే తల వంచాలి, లేకపోతే పై మెట్టు తగులుతుంది. "తలెగరేసుకుని వచ్చేవాళ్లకి నేను కుట్టను" అంటుంది. నిజానికి తలలతో ఆవిడకు పనే లేదు. ఆవిడ లోకం మెడ దగ్గర మొదలై మడమల దగ్గర ఆగిపోతుంది.

అలవాటు ఫ్యాక్టరీలో పడింది. పెళ్లి కాకముందే రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో చేరింది. పొడుగాటి హాలు, వరసగా మిషన్లు, ఒక్కొక్కరికి ఒక్కో ముక్క. అమ్మమ్మకు దక్కింది ఎడమ చెయ్యి. పెళ్లయింది, అమ్మ పుట్టింది, అమ్మ బడికి వెళ్లింది, అమ్మమ్మ ఎడమ చేతులు కుడుతూనే ఉంది. తాతయ్యను మొదటిసారి బస్సులో చూసినప్పుడు కూడా ముందు ఆయన చొక్కా ఎడమ చెయ్యే చూసిందట. "కుట్టు నాదే. మొహం తర్వాత చూశాను. అప్పటికే నవ్వేశాను, వెనక్కి తీసుకోలేం కదా" అంటుంది. తాతయ్య ఉన్నన్నాళ్లూ ఈ మాటకు పక్కవాళ్ల కంటే ఎక్కువ నవ్వేవాడు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక మెట్ల కిందికి చేరింది గానీ చూపు మాత్రం మారలేదు. మనిషి అంటే ఆవిడకు బట్టే. చారల కోటాయన, జేబు చిరిగినాయన, కుచ్చుల గౌనావిడ. రోజూ ఉత్తరాలు తెచ్చే పోస్టుమాను ఒకసారి సెలవు రోజున పువ్వుల చొక్కాలో వచ్చి పలకరిస్తే, "ఎవరు కావాలి బాబూ?" అని అడిగింది. ఆయన ఇంటికెళ్లి యూనిఫాం వేసుకుని మళ్లీ వచ్చాడని నేను చెప్పుకుంటాను. అమ్మమ్మ ఒప్పుకోదు.

ఆ తర్వాత ఉక్కుడేగ వచ్చాడు. మొదట బొమ్మల పుస్తకాల్లో ఉండేవాడట, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదట. సినిమాల్లోకి రాగానే ఇంటింటికీ చుట్టమైపోయాడు. నల్ల కేపు, వెండిరంగు రెక్కలు, ముఖానికి ముసుగు, ప్యాంటు మీద చెడ్డీ. చిప్స్ ప్యాకెట్ మీద వాడే, బడి సంచి మీద వాడే, మంగలి షాపు అద్దం మీద వాడే. పళ్లు రాని పిల్లలకూ తెలుసు, పళ్లు ఊడిన తాతలకూ తెలుసు.

"ప్యాంటు మీద చెడ్డీ ఏంటే? ఇంట్లో చెప్పేవాళ్లు లేరా వాడికి?" అని మొదట్లో విసుక్కుంది అమ్మమ్మ. వీపు మీద వేలాడే కేపును ఈ రోజుకీ దుప్పటి అనే అంటుంది. అయినా పిల్లలు వరసకట్టారు. బడి వార్షికోత్సవమైనా, పుట్టినరోజైనా, ఊరికే వీధిలో పరిగెత్తడానికైనా అందరికీ డేగ వేషమే కావాలి. మెట్ల కింద నల్ల గుడ్డ గుట్టలుగా పడింది. నాక్కూడా ఒకటి కుట్టింది. నేనూ డేగనే అడిగాను. వేషం వేసుకుని వీధిలోకి వెళ్తే అందరూ గుర్తుపట్టాలి కదా.

నా చెల్లెలికి మాత్రం డేగ అక్కర్లేదు. దాన్ని అమ్మమ్మ గుండీ అంటుంది. ఎప్పుడు తెగి ఎక్కడికి దొర్లిపోతుందో తెలియదని. నన్ను జిప్పు అంటుంది. నోరు తెరిస్తే మూసుకోదని. గుండీ అప్పుడే బడిలో చేరింది. దానికి మిణుగురు కావాలి.

మిణుగురు ఎవరో మా ఇంట్లో తప్ప వీధిలో ఎవరికీ తెలియదు. ఎవరో వేషానికి నమూనా కోసమని ఇచ్చి తిరిగి తీసుకెళ్లని పాత బొమ్మల పుస్తకం ఒకటి, అట్ట లేకుండా, అమ్మమ్మ దగ్గర పడి ఉండేది. అందులో ఉంది మిణుగురు. పగలు బల్బుల ఫ్యాక్టరీలో పని. చీకటి పడితే ఒళ్లంతా వెలుగు. ఊళ్లో కరెంటు పోతే జనం ఆవిడ వెనకే నడుస్తారు. శత్రువులు దగ్గరికొస్తే కేపు తిరగేసి నల్లవైపు బయటికి వేసుకుంటుంది. అప్పుడు పక్కనే నిలబడినా ఎవరికీ కనపడదు. నేను కూడబలుక్కుంటూ చదివితే అమ్మమ్మ బాబిన్‌కి దారం చుట్టుకుంటూ వినేది. "పాపం, పగలూ డ్యూటీ, రాత్రీ డ్యూటీ. మీ అమ్మలాగే" అనేది. అమ్మ ఆసుపత్రిలో నర్సు.

ఆ ఏడాది వచ్చిన డేగ సినిమాలో మిణుగురు కూడా ఉందని పోస్టరు పడింది. డేగ రెక్క చాటున, ఒక మూలన, బొటనవేలంత బొమ్మ. ఒంటి మీద బట్ట కూడా అంతంతే. అమ్మమ్మ కళ్లజోడు సరిచేసుకుని పోస్టరుకు ముక్కు ఆనించి చూసి, "కటింగులో గుడ్డ తక్కువపడ్డట్టుంది" అంది.

అందుకని పోస్టరును వదిలేసి పుస్తకాన్ని పట్టుకుంది. దాన్ని కూడా తనకు నచ్చినట్టు దిద్దింది. పొడుగు చేతులు, వాటి చివర ఎలాస్టిక్, నడుం దగ్గర రెండు ఫ్రిల్లులు, రెండు జేబులు. పసుపు సాటిన్ కేపు, అంచు పొడుగునా రేడియం టేపు, వెనక కుడివైపు గుడ్డ చాలక చిన్న అతుకు. కేపు లోపల డేగల నుంచి మిగిలిన నల్ల గుడ్డతో లైనింగు. పెరిగే పిల్ల కదా అని పాదాల దాకా వదిలింది. కుట్లన్నీ లోపలికి దాచి, ఎటు తిప్పి వేసుకున్నా అదే మంచివైపు అనిపించేలా కుట్టింది. అంత శ్రద్ధగా దేన్నీ కుట్టగా నేను చూడలేదు. చివరి ముడి వేసి, దులిపి, ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"చూడవే జిప్పూ. ఏది లోపలో ఏది బయటో రేపు నన్నడిగినా చెప్పలేను" అంది.

సినిమాకు తీసుకెళ్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. ఆ రోజు అమ్మకు డ్యూటీ. నాన్న లారీ మీద ఎక్కడో ఉన్నాడు.

"నీకు కళ్లు సరిగ్గా ఆనట్లేదమ్మా. ఆ జనంలో ఇద్దర్ని ఎలా చూసుకుంటావు?"

"నల్ల గుడ్డ మీద నల్ల దారం కుడుతున్నాను. పిల్ల ఆనదా నాకు?"

"పిల్ల గుడ్డ కాదు."

"పోవే, డ్యూటీకి ఆలస్యమవుతోంది."

అలా బయల్దేరాం. నేను డేగ, గుండీ మిణుగురు, అమ్మమ్మ మెడలో టేపుతో అమ్మమ్మ. బస్సులో అందరూ నన్నే చూశారు. గుండీని చూసి ఒకావిడ, "తేనెటీగ వేషమా బంగారం?" అంది. గుండీ మొహం తిప్పుకుంది.

సినిమా హాళ్లు షాపింగ్ కాంప్లెక్స్ పై అంతస్తులో ఉన్నాయి. మధ్యాహ్నం ఆటకు వెళ్లాం. సినిమా సగం దాటాక అమ్మమ్మకు బాత్రూముకు వెళ్లాల్సి వచ్చింది. పిల్లల్ని ఒంటరిగా వదలకూడదని ఇద్దరి రెక్కలూ పట్టుకుని బయటికి లాక్కెళ్లింది. తిరిగొచ్చేసరికి మిణుగురు వచ్చి వెళ్లిపోయింది. పక్క సీటాయన్ని అడిగితే పాప్‌కార్న్ నములుతూ చెప్పాడు.

"ఎవరు, ఆ పసుపమ్మాయా? వచ్చింది, వెలిగింది, డేగని కాపాడింది, పోయింది."

"మళ్లీ వస్తుందా?"

"ఎందుకొస్తుంది? పనైపోయిందిగా."

గుండీ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. ఆట అయ్యాక బయటికొస్తూ, "నేను చూళ్లేదు. మళ్లీ చూస్తాను" అంది.

"ఇంకోసారి వద్దాంలే."

"ఇప్పుడే."

"ఇప్పుడు కాదు గుండీ. నడు."

బయట వరండా నిండా జనం. అయిపోయిన ఆట వాళ్లు బయటికి, సాయంత్రం ఆట వాళ్లు లోపలికి. ఎవరి పిల్లదో పుట్టినరోజట, వచ్చిన పిల్లలందరికీ నల్ల కేపులు కట్టి ఒక మందలా తోలుకొచ్చారు. మధ్యలో డేగ అట్టబొమ్మ తాటిచెట్టంత ఉంది. మిణుగురు అట్టబొమ్మ పాప్‌కార్న్ కొట్టు వెనక, సగం ఫ్రిజ్ చాటున ఉంది. నన్ను అడుగడుగునా ఆపుతున్నారు. "బాబూ, ఒక్క ఫోటో. రెక్కలు విప్పు బాబూ." ముసుగు లోపల ఉన్నది ఆడపిల్ల అని ఒక్కరికీ తట్టలేదు. నేనూ చెప్పలేదు. ఎవరో గట్టిగా లాగితే నా రెక్క భుజం దగ్గర తెగిపోయింది.

అమ్మమ్మకు తెగిన కుట్టు కనపడితే ఊపిరాడదు. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, కాలరులో గుచ్చుకున్న సూది తీసి, నా భుజాన్ని తన వైపు తిప్పుకుంది. "కదలకే, గుచ్చుకుంటుంది" అంది. నేను కదల్లేదు. పళ్లతో దారం తెంపి తల ఎత్తేసరికి గుండీ లేదు.

మొదట ఇద్దరం తేలిగ్గానే తీసుకున్నాం. పాప్‌కార్న్ కొట్టు వెనక మిణుగురు బొమ్మ దగ్గర చూశాం. లేదు. బాత్రూముల్లో ప్రతి తలుపూ తట్టాం. లేదు. నీళ్ల కుళాయి దగ్గర లేదు. మెట్ల దగ్గర లేదు. "గుండీ" అని పిలిచింది అమ్మమ్మ, ఇంట్లో పిలిచినంత గొంతుతో. తర్వాత ఇంకొంచెం పెద్దగా. తర్వాత ఆ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు. జనాన్ని తోసుకుంటూ, "పసుపు దుప్పటి, పసుపు దుప్పటి పిల్లని చూశారా" అని ఒక్కొక్కరి ముందూ నిలబడింది. హాలు గుమ్మం దగ్గర నల్ల కేపుల పిల్లలు దారికి అడ్డంగా బారు కట్టి ఉన్నారు. "జరగండర్రా, జరగండి" అంటూ వాళ్ల భుజాలు పట్టి పక్కకు నెట్టుకుంటూ పోయింది. నేను వెనకే పరిగెత్తాను. నన్ను మాత్రం ఇంకా ఆపుతూనే ఉన్నారు, ఫోటో కోసం.

సెక్యూరిటీ అమ్మాయి మమ్మల్ని ఒక బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. బల్ల వెనక మైకు ముందు ఇంకో అమ్మాయి.

"పాప పేరేంటండీ?"

"గుండీ."

"అసలు పేరమ్మా."

అమ్మమ్మ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. తానే ఏరి పెట్టిన పేరు అది. నేను చెప్పాను.

"ఎలా ఉంటుంది? రంగు, ఎత్తు?"

"పొడుగు చేతులు, చివర ఎలాస్టిక్. నడుం దగ్గర ఫ్రిల్లులు రెండు. సాటిన్ దుప్పటి, అంచుకి రేడియం టేపు. వెనక కుడివైపు చిన్న అతుకుంటుంది. పట్టి చూస్తే గానీ తెలియదు."

"బట్టలు సరేనండీ. మొహం ఎలా ఉంటుంది?"

"మొహమా?" అంది అమ్మమ్మ. రెండు చేతులూ గాల్లోకి లేచాయి, ఏదో కొలత చూపించబోతున్నట్టు. అలాగే ఆగిపోయాయి. "మొహం... మొహంలాగే ఉంటుందమ్మా."

ఆ అమ్మాయి నవ్వలేదు, పుణ్యాత్మురాలు. "ఫోన్లో ఫోటో ఉందా?" అంది.

అమ్మమ్మ ఫోన్లో గుండీ ఫోటోలు బోలెడున్నాయి. వెతికి వెతికి తీసింది. అన్నీ మెడ కింద నుంచే. గౌను బాగా కుదిరిందని తీసినవి, వచ్చేవాళ్లకు చూపించుకోవడానికి. ఒకదాన్లో మాత్రం గడ్డం వరకు పడింది. ఒక్కో ఫోటోనూ వేలితో పైకి జరుపుతూ ఉంది అమ్మమ్మ, ఇంకాస్త జరిపితే మిగతాది కనపడుతుందేమో అన్నట్టు.

"ఏం వేషం వేసిందన్నారు?"

"మిణుగురు."

"అంటే?"

"మిణుగురే" అన్నాను నేను. "డేగ సినిమాలో ఉంటుంది."

"ఆ, డేగ చెల్లెలా?"

"చెల్లెలు కాదు."

చుట్టూ జనం మూగారు. చెల్లెలు కాదు, లవర్ అన్నాడు ఒకాయన. వాడి దగ్గర పనిచేసే పిల్ల అన్నాడు ఇంకొకాయన. గత సినిమాలో చచ్చిపోయింది కదా అంది ఒకావిడ. అది వేరే అమ్మాయి అన్నారు ఎవరో. వాళ్లలో వాళ్లు కాసేపు వాదించుకున్నారు. అమ్మమ్మ ఒక్కొక్కరి నోటి వంకా చూస్తోంది, ఎవరో ఒకరు గుండీ ఎక్కడుందో చెప్తారేమో అని. మైకమ్మాయికి ఇంక ఆగడానికి లేదు. స్విచ్ నొక్కింది.

"దయచేసి వినండి. ఉక్కుడేగ చెల్లెలి వేషంలో, పసుపు దుప్పటి కప్పుకున్న పాప తప్పిపోయింది."

గుండీ పేరును కూడా తప్పుగానే పలికింది. జనం దుప్పటి కప్పుకున్న పిల్ల కోసం చూడటం మొదలుపెట్టారు. ఒకాయన పడుకున్న పసిబిడ్డను ఎత్తుకుని పోతుంటే ఆపి, దుప్పటి తీసి చూశారు.

సెక్యూరిటీ గదిలో చిన్న చిన్న టీవీలు ఉన్నాయి. వెనక్కి తిప్పి చూపించారు. తల వెంట్రుకలు, భుజాలు, సంచులు, నల్ల కేపులు. అమ్మమ్మ టీవీకి ముక్కు ఆనించింది. పసుపు ఒక్కసారి కనపడింది, నా పక్కన, తాను మోకాళ్ల మీద కూర్చుని నా రెక్క కుడుతున్నప్పుడు. తర్వాత ఎవరో అడ్డం వచ్చారు. అడ్డం తొలిగాక పసుపు లేదు. మళ్లీ ఎక్కడా లేదు. గుమ్మాల దగ్గర లేదు, లిఫ్టుల దగ్గర లేదు.

"ఎవరైనా ఎత్తుకుని, పైన ఏదైనా కప్పి..." అంటూ సెక్యూరిటీ ఆయన మధ్యలో ఆపేశాడు. ఆపకపోయినా బాగుండేది. మిగతాది అమ్మమ్మ మొహంలో కనపడింది.

కిందికి దిగాం. కార్లు పెట్టే చోట ప్రతి కారు కిందా వంగి చూసింది. మోకాళ్లకు నూనె మరకలు అంటుకున్నాయి. మరక అంటితే పక్కింటి దాకా వినపడేలా గోల చేసే మనిషి, చూసుకోను కూడా లేదు. గేటు బయట రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఒక్కో బస్సు కిటికీల వంకా చూస్తూ నిలబడింది. నేను చెయ్యి పట్టుకున్నాను. సూది ఇంకా ఆ వేళ్ల మధ్యే ఉంది.

"అమ్మకి ఫోను చెయ్యవే" అంది. వెంటనే "వద్దు, చెయ్యకు" అంది. అంతలోనే "చెయ్యి" అంది. చేశాను. అమ్మ వార్డులో ఉన్నట్టుంది, ఎత్తలేదు. ఫోను మోగుతున్నంతసేపూ అమ్మమ్మ నా చెవి వంకే చూసింది.

"ఏమని చెప్తానే? పిల్లని నాకిచ్చి పంపింది. నేను రెక్క కుడుతూ కూర్చున్నానని చెప్పనా?"

నాకు అప్పుడు తట్టింది. "అమ్మమ్మా, మళ్లీ సినిమాకి పోయిందేమో. మిణుగురును చూస్తానంది కదా."

పైకి పరిగెత్తాం. అంటే నేను పరిగెత్తాను, ఆవిడ మెట్ల రాడ్డు పట్టుకుని తనను తాను లాక్కుంటూ వచ్చింది. సాయంత్రం ఆట అప్పటికే సగం అయిపోయింది. టికెట్లు చింపే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పసుపు కేపు పిల్ల ఎవరూ పోలేదమ్మా. అందరూ నల్ల కేపుల వాళ్లే."

"ఒక్కసారి చూడనివ్వు బాబూ."

"ఆట నడుస్తోంది. టార్చి వేస్తే నన్ను తంతారు."

"టార్చి వద్దు. నా కళ్లు చాలు" అంది అమ్మమ్మ. అవి చాలవని ఆవిడకూ తెలుసు. ఆయన తలుపు కొంచెం తెరిచాడు.

లోపల చిమ్మచీకటి. అమ్మమ్మ రెండడుగులు వేసి ఆగిపోయింది. ఎందుకాగిందో నాకు అర్థమైంది. చీకట్లో బట్ట కనపడదు. పసుపూ నలుపూ ఒకటే. కుట్టు లేదు, అతుకు లేదు, టేపు లేదు. ఆవిడకు తెలిసిన లోకమంతా ఆరిపోయింది. తెర మీద వెలుగు వచ్చినప్పుడల్లా కనపడేవి మొహాలే. హాలు నిండా, వరస మీద వరస, గాల్లో తేలుతున్నట్టు ఒట్టి మొహాలు.

అమ్మమ్మ తెరకు వీపు పెట్టింది. మొదటి వరస ముందు నడుస్తూ ఒక్కో మొహాన్నీ చూసుకుంటూ పోయింది. ఆ హాల్లో సినిమా వైపు వీపు పెట్టిన మనిషి ఆవిడొక్కతే. నేను వెనక నడిచాను.

"ఏయ్, కూర్చో."

"ముసలమ్మా, డేగ కనపడట్లేదు. అడ్డం లే."

ఆవిడ చెవిన పడలేదు. రెండో వరస. మూడో వరస. కాళ్లు తొక్కుతోంది, పాప్‌కార్న్ ఒలకబోస్తోంది. ప్రతి పిల్ల దగ్గరా వంగి, దగ్గరగా చూసి, కాదు అనుకుంటోంది. కాదు అనుకోవడానికి కూడా ఆవిడకు టైము పడుతోంది. అది చూసి నాకు భయం వేసింది. పట్టుకోగలదా? ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చూసి ఉంటుంది దాని మొహం? ముడి వేస్తూ, గుండీ కుడుతూ, కళ్లెప్పుడూ చేతుల మీదే కదా. "నేను చూస్తాను, నువ్వాగు" అని చెయ్యి లాగాను. విదిలించుకుంది.

తెర మీద ఏదో కూలింది. కరెంటు పోయినట్టుంది కథలో, హాలంతా మరీ చీకటైపోయింది. ఆ చీకట్లో పసుపు వెలుగు మొదలైంది. మిణుగురు వచ్చింది. అది చూసి హాల్లో సగం మంది ఫోన్లు తీశారు, కొందరు బాత్రూముకు లేచారు. వాళ్లందరి మధ్యా ఆ పసుపు వెలుగులో అమ్మమ్మ ఒక మొహం దగ్గర ఆగిపోయింది.

నల్ల కేపుల మందలో, పుట్టినరోజు పిల్లల చివర, ఒక ఖాళీ సీటులో ఉంది గుండీ. అమ్మమ్మ వంగి, రెండు అరచేతుల్లోకీ ఆ మొహాన్ని తీసుకుంది. వేళ్ల మధ్య సూది ఉందని నేను అరిచాను. సూది కింద పడింది.

"అమ్మమ్మా, అడ్డం జరుగు" అంది గుండీ. "మిణుగురు వచ్చింది. కనపడట్లేదు."

అమ్మమ్మ జరగలేదు. జరగలేకపోయింది. అలాగే పట్టుకుని నిలబడింది. ఒళ్లు మిషను ఆపిన తర్వాత చక్రం తిరిగినట్టు ఊగుతూ ఉంది. జరిగేసరికి తెర మీద డేగ ఎగురుతున్నాడు. మిణుగురు వెళ్లిపోయింది. గుండీ అప్పుడు ఏడ్చింది.

బయటికి తెచ్చాక వెలుతురులో చూస్తే దాని కేపు నల్లవైపు బయటికి ఉంది. పాదాల దాకా. డేగ పిల్లల్లో ఇంకో డేగ పిల్ల. కుట్టు అంత శుభ్రంగా ఉంది, తిరగేసి వేసుకుందని ఎవరూ అనుకోరు.

"మైకులో పిలిచారు కదే, వినపడలేదా?" అన్నాను.

"వినపడింది. డేగ చెల్లెలు తప్పిపోయిందన్నారు. దుప్పటి కప్పుకుందన్నారు. నేను కాదుగా" అంది. పాపం ఆ పిల్ల ఎవరో అనుకుందట.

"టికెట్ లేకుండా లోపలికెలా పోయావే?"

"కేపు తిప్పేశాను. మిణుగురు తిప్పితే ఎవరికీ కనపడదు." ఏడుపు ఆగి, గొంతులో గర్వం వచ్చింది. "అమ్మమ్మకి కూడా కనపళ్లేదు. గుమ్మం దగ్గర నా పక్కనే ఉంది. జరుగు అని నన్ను తోసేసి పోయింది. నేను మాట్లాడలేదు. నిజంగా కనపళ్లేదు తెలుసా?"

అమ్మమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది. తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. అమ్మ తిరిగి ఫోన్ చేసినప్పుడు తానే ఎత్తింది. "దొరికింది. నేను తోసేశాను" అంది. అమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఇంటికొచ్చాక అర్థమైంది. అమ్మ కేకలు వేయలేదు. అదే అమ్మమ్మకు కష్టమైంది. ఆ తర్వాత చాలాకాలం మమ్మల్ని డ్యూటీ రోజుల్లో పక్కింట్లో వదిలేది. మేమే సందు చూసుకుని మెట్ల కిందికి పారిపోయేవాళ్లం.

ఆ కేపును అమ్మమ్మ మళ్లీ విప్పింది. లైనింగు ఊడదీసి, నల్ల గుడ్డను చెత్తలో వేసి, పసుపును ఒంటి పొరగా కుట్టింది. తిరగేస్తే కుట్లన్నీ బయటపడేలా కుట్టింది, ఆవిడ చేతికి సిగ్గుచేటైన కుట్టు. అప్పటి నుంచి మెట్ల కింద పద్ధతి మారింది. పిల్లలు డేగ వేషానికి వస్తే ముందు ముసుగు తీయమంటుంది. గడ్డం పట్టుకుని బల్బు వైపు తిప్పి, మొహాన్ని చూస్తూ ఉండిపోతుంది. పిల్లలు గింజుకుంటారు. "ఆంటీ, కొలతలు తీసుకోండి" అంటారు తల్లులు. "తీసుకుంటున్నా" అంటుంది.

ఇప్పుడు కళ్లు మరీ పాడయ్యాయి. ఒక కన్ను ఇక లాభం లేదన్నాడు డాక్టరు. రెండోది ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నాడు. మిషను మీద గుడ్డ కప్పేసింది. గుండీ నాకంటే పొడుగైంది. సాయంత్రం రాగానే దాన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టుకుంటుంది. వెలుతురు ఉన్నంతసేపు చూస్తుంది. వెలుతురు పోయాక వేళ్లతో తడుముతుంది, గుడ్డ నాణ్యం చూసినట్టు, నుదుటి నుంచి గడ్డం దాకా, మళ్లీ గడ్డం నుంచి నుదుటి దాకా. "ఉక్కుడేగకి ఇంత సేవ చేసుంటే ఈపాటికి ఎగరడం నేర్పేవాడు" అని నేను ఏడిపిస్తాను. నవ్వదు. ఆ వేళ్లలో ఎంత తొందర ఉంటుందో చూస్తే నాకూ నవ్వు రాదు. గుండీ మాత్రం కదలకుండా కూర్చుంటుంది. మిణుగురును అది ఇంతవరకూ తెర మీద చూడలేదు. ఇంక చూడనంటుంది.

ఇదంతా రాసి నిన్న అమ్మమ్మకు చదివి వినిపించాను. అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందన్నాను.

"ఇంత రాశావు. రేడియం టేపు ఏ అంచుకి వేశానో కూడా రాశావు. దాని మొహం ఎలా ఉంటుందో ఒక్క ముక్క లేదు. రేపు మళ్లీ తప్పిపోతే ఏం చెప్తావే జిప్పూ, మొహంలాగే ఉంటుందనా?"